మధ్య అంకె లేదు

పదిహేడో వారం

పోయిన వారం మనం మూడో అంతస్తులోని ఆ పొడవాటి గదిలో, క్లబ్ లాయరు కోటు జేబులో చెయ్యి పెట్టగానే ఆగిపోయాం. బల్ల మీద రెండు కవర్లు ఉన్నాయి. పసుపు కవరులో, జనమంతా పిడుగు అని పిలిచే ఫుట్‌బాల్ ఆటగాడు అడుగుతున్న జీతం. నీలం కవరులో క్లబ్ ఇస్తానంటున్న జీతం, అందులో మూడో వంతు. మధ్యవర్తిగా కూర్చున్న రిటైర్డ్ జడ్జిగారు సాయంత్రం అయిదులోగా ఆ రెండింట్లో ఒకటి చేతిలోకి తీసుకోవాలి. సగానికి సర్దడాలు లేవు, మధ్య అంకె లేదు. ఆటగాళ్ల సంఘమూ క్లబ్బులూ కూర్చుని రాసుకున్న నియమం అది. ఇక సాక్షి కుర్చీలో ఉన్నది ఎవరనుకున్నారు? పిడుగు సొంత అక్క. పెద్దాస్పత్రిలో ఎముకల వార్డు నర్సు. ఆమెని పిలిచింది తమ్ముడి తరఫువాళ్లు కాదు, క్లబ్ లాయరు!

జేబులోంచి చెయ్యి బయటికొచ్చింది. వేళ్ల మధ్య మడతలు పడ్డ పేపరు ముక్క.

"అమ్మా, ఇది మూడేళ్ల కిందట పేపర్లో అచ్చయిన ఉత్తరం. కింద 'ఒక నర్సు' అని ఉంది, అంతే. చదవమంటారా?"

నవ్వుతూనే అడిగాడు. ఆయన నవ్వకుండా మాట్లాడగా చూసినవాళ్లు లేరు. కోర్టు వరండాల్లో ఆయన పేరు నవ్వుల లాయరు.

అక్క ఆ పేపరు ముక్కకేసి చూసింది. ఆ ఉత్తరం సంగతి ఈ భూమ్మీద ఆమెకొక్కదానికే తెలుసనుకుంది. ఎదురుగా తమ్ముడు కుడికాలు స్టూలు మీద చాపుకుని కూర్చున్నాడు. వాడి పక్కన ఆమె భర్త. పిడుగుకి బావే కాదు, ఏజెంటు కూడా. జీతంలో పదో వంతు ఆయన వాటా. ఆయన కనుబొమలు పైకెత్తి, తల అటూ ఇటూ ఊపుతున్నాడు. కాదను, నీది కాదను.

"చదవండి" అంది అక్క.

లాయరు గొంతు సవరించుకున్నాడు. "'ఎముకల వార్డులో నేను పదేళ్లు నిలబడి సంపాదించేది, బంతి తన్నే కుర్రాడొకడు పది రోజుల్లో సంపాదిస్తున్నాడు. వాడు గురి తప్పితే జనం అయ్యో అంటారు. నేను మోతాదు తప్పితే మనిషి పోతాడు. ఈ లెక్క ఎవరు కట్టారో వాళ్లని ఒక్క రోజు మా వార్డుకి పంపండి.' ఇది రాసింది మీరేనా?"

"నేనే."

గదిలో కుర్చీలన్నీ ఒక్కసారి కిర్రుమన్నాయి.

"అక్కా!" పిడుగు నోరు తెరిచాడు. "నాతో అనొచ్చుగా! పేపరుకెందుకు రాశావ్?"

"నీతో అంటే రెండు టికెట్లు చేతిలో పెట్టి నోరు మూయిస్తావ్. నీ సంగతి నాకు తెలీదా?"

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. జడ్జిగారు పెన్సిలుతో గ్లాసు మీద టింగుమనిపించింది. డెబ్బై దాటిన మనిషి, బక్కపల్చగా, గట్టిగా గాలేస్తే ఎగిరిపోయేలా ఉంటుంది. ఆ టింగుకి మాత్రం గది మొత్తం బిగుసుకుంది.

"కానివ్వండి" అందావిడ.

"ఇప్పటికీ అదే మాట మీద ఉన్నారా అమ్మా?" లాయరు ఒక అడుగు ముందుకేశాడు.

"ఉన్నాను."

"అంటే, మీ తమ్ముడికి ఇంత జీతం తగదు."

"తగదు."

కుండబద్దలు కొట్టినట్టు వచ్చింది ఆ మాట. భర్త రెండు చేతులతో తల పట్టుకున్నాడు. పిడుగు తరఫున వాదిస్తున్న ఆటగాళ్ల సంఘం లాయరు, కాగితాల కట్టల మధ్య కూరుకుపోయిన పొడుగాటి కుర్రలాయరు, లేవబోయి మోకాలు బల్లకి కొట్టుకుని మళ్లీ కూలబడ్డాడు.

"ఇంకేం కావాలి మేడమ్?" నవ్వుల లాయరు జడ్జిగారి వైపు తిరిగి చేతులు చాపాడు. "తోడబుట్టిందే తేల్చి చెప్పింది. నా ప్రశ్నలు అయిపోయాయి."

"నేనింకా దిగలేదండీ" అంది అక్క.

లాయరు సగం కూర్చున్నవాడు అలాగే ఆగాడు.

"మీరు సగమే అడిగారు. మిగతా సగం నేను చెప్పొచ్చా మేడమ్?"

జడ్జిగారు కళ్లజోడు పైనుంచి చూసింది. "చెప్పమ్మా."

"తగదని నేనన్నది, వాడి జీతం నా జీతం పక్కన పెట్టుకుని. ఇవాళ ఇక్కడ నా జీతం లేదు కదా, రెండు కవర్లే ఉన్నాయి. నీలం కవరు గెలిస్తే మిగిలే డబ్బు ఎవరికి పోతుందండీ? మా వార్డుకొస్తుందా? మా వార్డులో మంచాలు పద్దెనిమిది, ఈ పొద్దుటికి రోగులు ఇరవై ఆరు. ఎనిమిది మంది నేల మీద, కాళ్లకి బరువులు కట్టించుకుని. ఆ మిగిలింది మాకిస్తామని రాసివ్వమనండి. నీలం కవరు నేనే తీసి మీ చేతిలో పెడతాను."

అందరి తలలూ మూలకి తిరిగాయి. అక్కడ క్లబ్ యజమాని ఫోను చూసుకుంటున్నాడు. అందరి చూపులూ తగిలి తలెత్తాడు.

"రాసిస్తారా అండీ?" అంది అక్క.

"ఇదేంటి లాయరుగారూ?" యజమాని చిరాకు పడ్డాడు. "మనం వచ్చింది విరాళాల సభకా?"

"కాదుగా" అంది అక్క. " అయితే ఆ ఉత్తరం మీకూ పనికిరాదు. అది మా వాడొక్కడి మీద రాసింది కాదు, వాడికి అంత ఇచ్చే మీ మీద కూడా రాసింది."

ఈసారి జడ్జిగారి పెదవి కూడా ఓ మూల కదిలింది. పెన్సిలుతో ఏదో రాసుకుంది. సంఘం కుర్రలాయరు సంబరంగా పిడుగు వీపు మీద చరిచాడు.

అప్పుడు నవ్వుల లాయరు చెయ్యకూడని పని చేశాడు. సాక్షిని అక్కడితో వదిలేసి ఉంటే ఆయన కథ వేరేగా ఉండేది. కానీ ముప్ఫై ఏళ్లుగా ఎదుటివాళ్లదే ఆఖరి మాట కానివ్వని మనిషి. బల్ల కింద పెట్టెలోంచి ఆకుపచ్చ అట్ట పుస్తకమొకటి లాగాడు.

"సరే అమ్మా. మీ వృత్తి సంగతే మాట్లాడుకుందాం. ఇది క్లబ్ చికిత్స పుస్తకం. మీ తమ్ముడి కుడి చీలమండకి పోయిన సీజన్లో మేమెంత సేవ చేశామో ఇందులో ఉంది. మీరే లెక్కపెట్టి చెప్పండి, ఎన్ని ఇంజెక్షన్లు? బలహీనమైన కాలికి బలమైన జీతం ఎందుకివ్వాలో మేడమ్ గారు ఆలోచించుకుంటారు."

పప్పులో కాలేశాడు!

చికిత్స పుస్తకాన్ని లాయరు చదివే తీరు వేరు, నర్సు చదివే తీరు వేరు. లాయరు ఎన్నిసార్లని చూస్తాడు. నర్సు కన్ను ముందు టైము గడి మీద పడుతుంది. ఏ మందు, ఎంత, ఏ వైపు, ఎన్ని గంటలకి. పదిహేడేళ్లుగా పొద్దున్నే డ్యూటీ అందుకోగానే అక్క చేసే మొదటి పని అదే.

పుస్తకం ఒళ్లో పెట్టుకుంది. వేలు గడుల వెంట కిందికి దిగింది. మూడు ఇరవై. మూడు పదిహేను. మూడు ఇరవై. పేజీ తిప్పింది. మూడు ఇరవై అయిదు.

వేలు ఆగిపోయింది.

"పదకొండు" అంది.

"పదకొండు!" లాయరు గట్టిగా వల్లించాడు. "విన్నారా మేడమ్?"

"మేడమ్, పోయిన సీజన్లో మావాడు ఆడిన మ్యాచిల పట్టీ ఎవరి దగ్గరైనా ఉందా?"

ఆ గొంతులో ఏదో మారింది. జడ్జిగారు ముందుకి వంగింది. కుర్రలాయరు కట్టలన్నీ తిరగేశాడు, కింద పారేశాడు, చివరికి తను విసనకర్రలా మడిచి ఊపుకుంటున్న కాగితమే ఆ పట్టీ అని గుర్తొచ్చి పరుగున తెచ్చిచ్చాడు.

"దీన్నీ దాన్నీ పక్కపక్కన పెట్టి, తేదీలు మీరే చదవండి మేడమ్."

జడ్జిగారు ఒక చూపుడువేలు పుస్తకం మీద, ఒకటి పట్టీ మీద పెట్టింది. పెదాలు కదులుతున్నాయి. మొదటి తేదీ కలిసింది. రెండోది కలిసింది. ఏడు. ఎనిమిది. తొమ్మిది.

"పదకొండు మ్యాచిలు, పదకొండు ఇంజెక్షన్లు" అందావిడ నెమ్మదిగా. "తేదీలన్నీ కలిశాయి."

"మ్యాచి నాలుగింటికండీ. సూది మూడు ఇరవైకి. ఆట అయ్యాక ఒక్కసారి కూడా లేదు, ముందే. మందు పేరు చూడండి. మేం వేలు కుట్టేముందు పొడుస్తాం దాన్ని. వట్టి తిమ్మిరి మందు. అది గాయాన్ని మాన్పదు మేడమ్, గాయం నోరు నొక్కుతుంది. కాలు వద్దు వద్దని అరుస్తుంటే వినపడకుండా చేసి మైదానంలోకి తోలారు. ఆఖరి మ్యాచి చూడండి, మధ్యలో విరామానికి ఇంకోటి పొడిచారు. దాన్ని లెక్కలో వెయ్యలేదు, పక్కన పెన్సిలుతో రాశారు."

ఆమె లేచి నిలబడింది. నిలబడినట్టు ఆమెకే తెలీదు.

"బలహీనమైన కాలన్నారే? ఆ కాలుతోనే మీకు కప్పు తెచ్చాడు. దాన్ని బలహీనం చేసిందెవరో మీ పుస్తకమే చెబుతోంది! వార్డు టీవీలో మ్యాచి చూసి మేమంతా ఈలలు వేస్తే, రెండు గంటల తర్వాత వీడు మా ఇంటి మెట్లు కూచుని కూచుని ఎక్కేవాడు. అలిసిపోయానక్కా అనేవాడు. పిచ్చిదాన్ని, నిజమనుకున్నా!"

"మేడమ్, అభ్యంతరం..."

"పుస్తకం ఇచ్చింది మీరే కదా?" జడ్జిగారు తలెత్తకుండానే అంది. "కూర్చోండి."

లాయరు కూర్చున్నాడు. నవ్వు మాయం! వెనక వరసంతా లేచి నిలబడింది. కుర్రలాయరు చెవుల దాకా నవ్వుతున్నాడు. జడ్జిగారి చెయ్యి పసుపు కవరు పక్కకి జరిగి, దాని అంచు మీద ఆగింది. ముట్టుకున్నట్టే!

అక్క తమ్ముడి వైపు చూసింది. వాడి ముఖంలో సంతోషం లేదు, సిగ్గూ లేదు. తనకి తెలిసిన సంగతినే అక్క ఇప్పుడే కనిపెట్టినట్టు చెబుతోందేంటా అని వింతగా చూస్తున్నాడు. ఎందుకలా చూస్తున్నాడో ఆలోచించే తీరిక ఆమెకి దొరకలేదు.

మూలనుంచి యజమాని లేచి వచ్చి లాయరు చెవిలో ఏదో ఊదాడు. లాయరు వద్దన్నట్టు తలూపాడు. "ఆ కాగితం బయట పెడితే మన డాక్టరుకి అంతా తెలుసని మనమే ఒప్పుకున్నట్టవుతుంది సార్" అన్న గుసగుస మొదటి వరస దాకా వినిపించింది. యజమాని పళ్లు కొరికాడు. "పెట్టవయ్యా! ఇక మిగిలిందేముంది?"

పెట్టెలోంచి ఒక్క కాగితం వచ్చింది. దాంతోపాటు, లాయరు నవ్వు కూడా తిరిగొచ్చింది.

"అమ్మా, మా క్లబ్ డాక్టరు ఊరికే సూది పట్టుకునే మనిషి కాదు. ఆటగాడి ఒప్పుకోలు కావాలి, కుటుంబంలో ఒకరి సంతకం కావాలి. రెండూ లేనిదే మందు సీసా మూత కూడా తియ్యడు. ఇదిగో ఆ ఒప్పుకోలు పత్రం. పైన మీ తమ్ముడి సంతకం. కింద ఉన్నది ఎవరిదో కాస్త చూసి చెబుతారా?"

అక్క కాగితం అందుకుంది.

మొదట అక్షరాలు చదివింది. 'నొప్పి తెలియని స్థితిలో ఆడటం వల్ల కీలు మరింత దెబ్బతినవచ్చు. నడక శాశ్వతంగా మారిపోవచ్చు. ఇవన్నీ నాకు వివరించారు, అర్థమయ్యాయి.' దాని కింద సంతకం. మొదటి అక్షరం పెద్దగా, చివర తోక కిందికి లాగి, ఆ తోక మీద రెండు చుక్కలు.

రోజుకి నలభైసార్లు మందుల చార్టుల మీద పెట్టే సంతకం. తనది!

ఎప్పుడు? ఎక్కడ?

గుర్తొచ్చింది. పోయిన ఏడాది, పొద్దున ఏడున్నర. డ్యూటీ మారే వేళ. ఎడం చేతిలో సెలైన్ బాటిలు పైకెత్తి పట్టుకుని ఉంది, స్టాండు విరిగిపోయింది మరి. భర్త హడావిడిగా వచ్చాడు. "ఇన్సూరెన్సు కాగితాలే, కింద ఒక సంతకం పడెయ్. స్కూటరు గేటుకి అడ్డంగా పెట్టొచ్చాను, వాచ్‌మన్ తిడుతున్నాడు." కాగితం గోడకి ఆన్చి ఆయనే పట్టుకున్నాడు. పై సగం ఆయన అరచేతి కింద ఉంది. కుడిచేత్తో గీకేసింది. ఆయన మెట్లు దిగేలోపే ఆ సంగతి మర్చిపోయింది.

ఆపరేషన్‌కి ముందు ఎవరైనా రోగి తాలూకు మనిషి చూడకుండా సంతకం పెట్టబోతే చేతిలో కలం లాక్కునే మనిషి ఆమె. "చదవడం రాకపోతే నేను చదువుతా, విను. వినకుండా పెడితే ఊరుకోను" అని వార్డంతా దడిపించే మనిషి. మొగుడు తెచ్చాడు కదా అని తనే చూడలేదు!

"ఏమ్మా?" జడ్జిగారి గొంతు. "అది మీ సంతకమేనా?"

భర్త ఆమె కళ్లలోకే చూస్తున్నాడు. తల సన్నగా అటూ ఇటూ ఊపుతున్నాడు. ఇందాక ఉత్తరానికి ఊపినట్టే. కాదను.

ఒక్క 'కాదు' చాలు. క్లబ్బు దొంగ సంతకాలు పెట్టిందవుతుంది. పసుపు కవరు తెరుచుకుంటుంది. తమ్ముడి కాలు బాగున్నా బాగులేకపోయినా జీవితానికి సరిపడా డబ్బు వస్తుంది. ఇల్లు ఇల్లులా ఉంటుంది. మొగుడు మొగుడిలా ఉంటాడు. 'అవును' అంటే క్లబ్బు చేతులు దులుపుకుంటుంది. నర్సు అయ్యుండి, అక్క అయ్యుండి, తెలిసి తెలిసి ఒప్పుకుందంటారు. ఆ తర్వాత ప్రశ్న, కాగితం ఎవరు తెచ్చారని. దానికి జవాబు చెప్పాక సాయంత్రం ఏ ఇంటి తలుపు తియ్యాలి?

ఆమె తమ్ముడి వైపు చూసింది.

పిడుగు తల ఊపుతున్నాడు. అడ్డంగా కాదు, నిలువుగా! ఒప్పుకో అక్కా, అందులో ఏముంది అన్నట్టు. ధైర్యం చెబుతున్నట్టు.

పక్కపక్కన రెండు తలలు. ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా. వీడెందుకు ఒప్పుకోమంటున్నాడు?

"సాక్షి జవాబు చెప్పాలి" అంది జడ్జిగారు. ఆవిడ చెయ్యి పసుపు కవరు మీంచి లేచి, రెండు కవర్ల మధ్య ఖాళీ బల్ల మీద ఆగింది.

అక్క కాగితాన్ని బల్ల మీద పెట్టి, మడత పడకుండా అరచేత్తో నొక్కింది.

"నాదే."

"ఆహా!" లాయరు లేచాడు. "అంటే తమరు అన్నీ తెలిసి..."

"మాట పూర్తి కానివ్వండి. సంతకం నాది. చదవలేదు. ఆ తప్పు నాది, దానికి నన్నేమైనా అనండి. మా ఆస్పత్రికి రాసి నా ఉద్యోగం తీయించినా తీయించండి. కానీ నాకెవరూ ఏదీ వివరించలేదు. ఇన్సూరెన్సు కాగితమని చెప్పి, రాసింది చేత్తో మూసి, ఎత్తిన చేతిలో సెలైన్ ఉండగా పెట్టించారు."

"ఎవరు?" జడ్జిగారు పెన్సిలు కింద పెట్టేసింది.

"ఇంటికెళ్లి మాట్లాడుకుందాం!" భర్త గొంతు ఎత్తాడు. "ఇది ఇంటి విషయం మేడమ్, ఈమెకి పొద్దుటి నుంచీ ఒంట్లో బాగాలేదు..."

టింగ్!

"ఎవరమ్మా?"

అక్క చెయ్యి ఎత్తింది. పదిహేడేళ్లుగా సూదులు పట్టిన చెయ్యి.

"నా భర్త. నా తమ్ముడి ఏజెంటు. అదిగో, వాడి పక్క కుర్చీ."

వెనక వరసలో గోల మొదలైంది. కుర్రలాయరు చేతిలో కట్ట జారి కాగితాలు నేలంతా పరుచుకున్నాయి. భర్త లేచి తలుపు వైపు చూశాడు. తలుపుకీ ఆయనకీ మధ్య, స్టూలు తన్నేసి, చెడిపోయిన కాలు సంగతే మరిచిపోయి పిడుగు నిలబడి ఉన్నాడు. కాలు మీద బరువు పడగానే ముఖం వంకర్లు పోయింది. అయినా కదల్లేదు. అక్క వైపు చూడలేదు.

"బావా" అన్నాడు. "అక్క రెండుసార్లు చదివిందన్నావు. నర్సు కదా, అన్నీ చూసుకుని, ఏం ఫర్వాలేదు పొడిపించుకోమని అక్కే చెప్పిందన్నావు!"